చీనా సారు మీద దొంగతనం నేరం

హైస్కూలు వాళ్లు వార్షికోత్సవ సంచిక వేస్తున్నారట. పాత ఉపాధ్యాయుల వివరాలు కావాలని నాకొక ఫారం పంపారు. పేరు, చదువు, పనిచేసిన సంవత్సరాలు, అచ్చయిన పుస్తకాలు. చీనా సారు ఫారం నింపే పని నా నెత్తిన పడింది, ఆయన్ను దగ్గరగా ఎరిగిన వాళ్లలో ఇంకా కళ్లజోడు పెట్టుకుని రాయగలిగేది నేనొక్కదాన్నే గనక. అన్నీ నింపుకుంటూ వచ్చి చివరి గడి దగ్గర ఆగిపోయాను. అచ్చయిన పుస్తకాలు: సున్నా. ఆ సున్నా చుట్టడానికి నాకు చెయ్యి రాలేదు. ఒళ్లు మండింది. ఫారం పక్కన పడేసి ఇది రాస్తున్నాను. వేసుకుంటే వేసుకుంటారు, లేకపోతే లేదు.

ఆయన అసలు పేరు చెబితే మెట్‌పల్లిలో ఎవరికీ తెలియదు. చీనా సారు అంటే మాత్రం బస్సు దిగిన కొత్త మనిషిని కూడా ఇంటి గుమ్మం దాకా తీసుకుపోయి దింపేవాళ్లు. సర్కారు హైస్కూల్లో భూగోళం చెప్పేవారు. యుద్ధం రోజుల్లో బీహారు వైపు ఒక క్యాంపులో బియ్యం గోదాము గుమాస్తాగా పనిచేశారు. అక్కడ చీనా సిపాయిలకు శిక్షణ ఇచ్చేవారట. వాళ్లతో వచ్చిన దుబాసీ ఒకాయన తన దేశంలో బడిపంతులు. బియ్యం బస్తాల మీద సుద్దతో అక్షరాలు రాసి చూపిస్తూ మూడేళ్లపాటు మా సారుకు చదువు చెప్పి, తిరిగి పోయేటప్పుడు తన పుస్తకాల పెట్టె ఆయనకే ఇచ్చి పోయాడు. పోలీసు చర్య గొడవలు సద్దుమణిగాక సారు ఆ పెట్టెతో సొంతూరు చేరారు. పెట్టెలో ఏదో బంగారం ఉందనుకుని చుట్టాలంతా వచ్చి చుట్టూ కూర్చున్నారట. మూత తీస్తే అన్నీ చీమలు పాకినట్టున్న కాగితాలు. "గింత దూరం మోసుకొచ్చింది గిదా?" అని వాళ్ల బాపు మూడు రోజులు మాట్లాడలేదట.

ఆ పెట్టెలో చీనా వాళ్ల పాత పాటల పుస్తకం ఒకటి ఉండేది. మూడు వేల ఏళ్ల నాటి పాటలని చెప్పేవారు. రాజులవీ దేవుళ్లవీ కావు. పొలం పనుల వాళ్లు, కోటలు కట్టడానికి పట్టుకుపోయిన మగవాళ్ల పెళ్లాలు, ఏటిగడ్డన ఆకుకూర తెంపే ఆడపిల్లలు పాడుకున్నవి. అందులోంచి నలభై పాటలు తెలుగు చేయాలని సారు కంకణం కట్టుకున్నారు. ఎప్పటికవుతుంది సారూ అని ఎవరడిగినా ఒకటే జవాబు.

"మూడు వేల ఏండ్లు ఆగింది. ఇంకో వారం ఆగదా?"

ఆ వారం పదిహేనేళ్లు నడిచింది.

పొద్దున్నే బడి అరుగు మీద కూర్చుని, కుంచెను నీళ్లలో ముంచి నల్లబండ మీద చీనా అక్షరాలు రాసేవారు, చెయ్యి అలవాటు తప్పకూడదని. ఎండాకాలంలో అక్షరం కిందిభాగం రాసేసరికి పైభాగం ఆరిపోయేది. విసుక్కోకుండా మళ్లీ పైనుంచి మొదలుపెట్టేవారు. ఇది చూసీ చూసీ బడి చప్రాసి మల్లయ్య ఒకనాడు బకెట్ తెచ్చి పక్కన పెట్టి, "గంత చిన్న కుంచెతోని ఎప్పుడు కడుగుతరు సారూ? మీరు లేవుండ్రి, నేను గుమ్మరిస్త" అన్నాడు. సారు నిజంగానే లేచి పక్కకు జరిగారు. మల్లయ్య అరుగంతా కడిగి పోయాక తడి బండను చూసి, "ఇగ గివ్వాళకు రాయనక్కర లేదు, అన్ని అక్షరాలు ఒక్కసారే రాసిండు" అని నవ్వుకున్నారు.

హోటలుకు వచ్చి చాయ్ తాగేవారు కాదు, గ్లాసెడు ఉడుకునీళ్లు తాగేవారు. అది కూడా చీనా పంతులు చేసిన అలవాటే. "సారూ, జర చాయ్‌పత్తి అన్న ఎయ్యనియ్యి. నా హోటల్ ఇజ్జత్ పోతున్నది" అని హోటలాయన బతిమాలేవాడు. ఇక ఇంట్లో సంగతి ఆయన భార్య నాతో ఒక్క మాటలో చెప్పేసింది. "నాకు సవతి ఉన్నది టీచరమ్మా. మూడు వేల ఏండ్ల ముసల్ది. దాన్ని ఇడిసి అన్నానికి రాడు." చెబుతూ ఆమె కూడా పకపకా నవ్వింది. ఆ ఇంట్లో ఎప్పుడు చూసినా నవ్వులే.

నేను మిషన్ బడిలో తెలుగు టీచరును. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తుంటే సారు ఎదురొచ్చి సైకిల్ దిగారు.

"టీచరమ్మా, మీ అక్షరం ముత్యాలోలె ఉంటదట. నా చదువంత ఉర్దూల అయింది. ఏ అక్షరానికి ఒత్తు ఉంటదో, దేనికి ఉండదో ఇప్పటికీ పరేషానే. జర సాఫు రాసి పెడ్తరా?"

సరేనన్నాను. పొగిడితే పడిపోయే జబ్బు నాకు అప్పటికే ఉంది. ఆ ఒక్క సరేకి నలభై పాటలు మూడుసార్లు సాఫు రాశాను. చేయి పీకి, గుడ్డ చుట్టుకుని రాశాను. ఎందుకు మూడుసార్లంటే, సాఫు ప్రతి తీసుకుని ఆయన తిన్నగా రాజవ్వ వాకిట్లోకి పోయేవారు గనక.

రాజవ్వ బీడీలు చుట్టేది. మొగుడికి బొంబాయి బట్టల గిర్నీలో పని. ఏడాదికో రెండేళ్లకో వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. ఆమె వాకిట్లో సాయంత్రాలు ఆరుగురు ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని, తునికాకు కత్తిరించి తంబాకు పోసి చుడుతూ కూర్చునేవాళ్లు. సారు బడి వదిలాక వచ్చి, గడప పక్కన గొంతుక్కూర్చుని పాట చదివేవారు. చదువుతూ వాళ్ల ముఖాల వంక చూసేవారు కాదు. చేతుల వంక చూసేవారు.

"చేతులు నడుస్తుంటే పాట నడుస్తున్నట్టు. చేతులాగినయంటే మాట అడ్డం పడ్డదన్నట్టు" అనేవారు.

ఒక్క చెయ్యి ఆగినా అక్కడ పెన్సిలుతో గీత గీసుకుని ఇంటికి పోయేవారు. ఆ గీత ఉన్న కాగితం మర్నాడు నా దగ్గరికి వచ్చేది. నా ఖర్మ.

"తెలుగు పండితులెవరినైనా అడగొచ్చు కదా సారూ" అని ఒకసారి విసుక్కున్నాను.

"పండితులకు అర్థం కాని మాటే ఉండదు టీచరమ్మా. వాళ్ల మీద పరీక్ష పెట్టి ఏం లాభం?"

నాకు ఒళ్లు మండింది గానీ, నేనూ తెలుగు పండితురాలినే గనక నోరు మూసుకున్నాను.

ఆ ఆరుగురిలో రాజవ్వ మాట అంటే సారుకు సుప్రీంకోర్టు తీర్పు. ఆమెకు మొహమాటమన్నది తెలియదు. బాగుంటే "ఊఁ" అనేది. బాగుండకపోతే "బాగలేదు సారూ, మల్ల రాసుకరా" అనేది. అంతే. సారు చేతులు కట్టుకుని వినేవారు, తరగతిలో పిల్లలు కూడా ఆయన ముందు అంత వినయంగా నిలబడింది లేదు.

సొరపాదు పాట సంగతి చెబితే గాని ఆమె ఎవరో మీకు అర్థం కాదు. కోట కట్టడానికి పోయిన మొగుణ్ని తలుచుకుని ఒక ఆడమనిషి పాడే పాట అది. సారు దాన్ని ఇలా తెచ్చారు:

"ఏరు దాటి కోట కట్టబోయినోడా,
నువ్వు పెట్టి పోయిన సొరపాదు
ఇల్లెక్కింది, కాయ కాసింది,
తెంపుదామంటే నిచ్చెన లేదు."

చివరి లైను దగ్గర ఆరుగురి చేతులూ ఆగాయి. నేనా రోజు అక్కడే ఉన్నాను, కళ్లారా చూశాను.

"నిచ్చెన లేకుంటే పక్కింట్ల అడుక్కోరాదా?" అన్నది రాజవ్వ. "గాపె దుఃఖం నిచ్చెన గురించా సారూ? తన చెయ్యి అందుతలేదు. అందేటోని చెయ్యి ఊర్లె లేదు. గది చెప్పు."

సారు ముఖం తెల్లబోయింది. లేచి సైకిలెక్కి పోయారు. కోపమొచ్చిందేమోనని రాజవ్వ కూడా బిక్కముఖం వేసింది. గంట తర్వాత ఆ సైకిల్ మా ఇంటి ముందుకు వచ్చింది. స్టాండు కూడా వెయ్యకుండా వదిలేశారు, అది పోయి నా కనకాంబరాల మీద పడింది.

"మూలంల 'చెయ్యి పొట్టిది' అనే ఉన్నది టీచరమ్మా! రాసినోడు తప్పు రాసిండని పెద్దపెద్ద చీనా పండితులు దాన్ని నిచ్చెన అని దిద్దిన్రు. వాళ్లను నమ్మి నేను గూడ నిచ్చెన అన్న. వాళ్లు దిద్దింది రాజవ్వ కొట్టేసింది!"

గదిలో అటూ ఇటూ తిరుగుతున్నారు, ఉడుకునీళ్లు ఇస్తే చేతిలో పట్టుకుని తాగడం మరిచిపోయారు. అంత సంతోషం నేను పెళ్లికొడుకుల ముఖాల్లో కూడా చూడలేదు. కనకాంబరాల గురించి ఒక్క మాట అనడానికి నాకు నోరు రాలేదు.

ఆ పాట రాజవ్వ వాకిట్లోంచి బయటికి పోయింది. నాట్లలో పాడారు, బతుకమ్మ చుట్టూ పాడారు. పోయేటప్పుడు ఉన్నది ఉన్నట్టు పోతుందా? కోట పోయి బొంబాయి వచ్చింది, ఏరు పోయి రైలు వచ్చింది. "రైలెక్కి బొంబాయి పోయినోడా" అని ఊరంతా పాడుతుంటే సారు సైకిల్ దిగి రోడ్డు పక్కన నిలబడి వినేవారు. నేను చిన్నబుచ్చుకునేదాన్ని. ఆయన మాత్రం "పాట అత్తారింట్ల కుదురుకున్నది" అని మురిసిపోయేవారు. అట్లా పదకొండు పాటలు కుదురుకున్నాయి.

చీనాతో యుద్ధం వచ్చినప్పుడు సారు ఇంటికి పోలీసులు వచ్చారు. వచ్చిన జమాదారు నిజాం కాలపు మనిషి, ఉర్దూ వచ్చు. చీనా పుస్తకం అటూ ఇటూ తిప్పి, పక్కన సారు ఉర్దూలో రాసుకున్న ముక్కలు కూడబలుక్కుని చదివాడు. "కద్దూ... కద్దూకీ బేల్... గిదేంది సారూ, సొరకాయ గురించా రాసుకున్నరు?" అని నవ్వి, తన పేరు చీనా అక్షరాల్లో రాయించుకుని, జేబులో పెట్టుకుని పోయాడు. లోపల జరిగింది ఇదీ. బయటున్న వాళ్లకు కనబడింది మాత్రం సారు గుమ్మం ముందు పోలీసు బండి. ఆ నవ్వు రాజవ్వ దాకా పోలేదు, బండి కబురు మాత్రం పోయింది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, కొంప ముంచింది ఇదే.

చివరికి నలభై పాటలూ పూర్తయ్యాయి. మూడో సాఫు ప్రతి నేనే దారంతో కుట్టాను. పట్నంలో పుస్తకాలు అచ్చువేసే ఒక సంఘానికి పంపాం. వేస్తామని జాబు కూడా వచ్చింది. సారు భార్య కొండగట్టు అంజన్నకు మొక్కుకున్నది, నేను చర్చిలో ప్రార్థన చేశాను. ఇద్దరు దేవుళ్లకు చెప్పినా పని చెడింది.

రెండు నెలలకు ఇంకో జాబు వచ్చింది. రాతప్రతిని పరిశీలించిన లెక్చరరు ఒకాయన అంతకు ముందు ఏడాదే మా వైపు తిరిగి జానపద గేయాలు సేకరించి పుస్తకం వేశాడు. ఈ నలభైలో పదకొండు పాటలు ఆ పుస్తకంలో ఉన్నాయట. మెట్‌పల్లి బీడీ కార్మిక స్త్రీలు తరతరాలుగా పాడుకుంటున్న పాటలను దొంగిలించి, చీనా పాటలని పేరు పెట్టి పండితుణ్ననిపించుకోవాలని చూస్తున్నాడని మా సారు మీద నేరం. నిజం తేలేదాకా అచ్చు లేదు.

సారు జాబు చదివి పొరబోయేలా నవ్వారు. "దొంగతనం కేసు టీచరమ్మా! తరతరాలుగా పాడుకుంటున్నరట!" అని హోటల్లో, బడిలో అందరికీ చదివి వినిపించారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. మూలం చూపిద్దామంటే ఆ సంఘంలో చీనా అక్షరం ముక్క వచ్చినవాడు లేడు. ఇక సాక్ష్యం రాజవ్వ నోట్లోనే ఉంది.

విచారణకు ఆ లెక్చరరూ, సంఘం తరఫున ఒక పెద్దాయనా వస్తున్నారని తెలిసింది. "రాజవ్వకు ముందే ఒక మాట చెప్పి పెట్టండి సారూ" అని వేయి విధాల మొత్తుకున్నాను.

"సాక్షులకు పాఠం చెప్పుడు నా పని కాదు టీచరమ్మా. ఉన్నదే చెప్తది" అన్నారు.

వాళ్లిద్దరూ రాజవ్వ వాకిట్లో కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఎదురుగా ఆరు చాటలు. గోడ పక్కన సారు, నేను.

"ఈ సొరపాదు పాట మీకు ఎవరు నేర్పారమ్మా?" అన్నాడు పెద్దాయన మెల్లగా.

రాజవ్వ సారు వంక ఒక్క చూపు చూసింది. "ఎవలు నేర్పుడేందయ్యా? మా అవ్వ పాడేది. మా అవ్వకు వాళ్లవ్వ చెప్పింది."

"ఈ సారు చీనా భాష నుంచి తెచ్చానంటున్నారు."

"చీనా లేదు, గీనా లేదు. సారుకు మేమే నేర్పినం" అన్నది గట్టిగా. మిగతా అయిదుగురూ "మేమే నేర్పినం" అని ఒకరి తర్వాత ఒకరు ఒట్టు వేశారు.

వాళ్లవ్వ కాలంలో ఈ ఊరి నుంచి రైలెక్కి బొంబాయి పోయిందెవరని అడిగే తెలివి ఆ లెక్చరరుకు పుట్టలేదు. అడుగుదామని నేను నోరు తెరిచాను. సారు చెయ్యి అడ్డం పెట్టి, "ఆమె చెప్పినంక ఇగ నేను చెప్పేదేమున్నదయ్యా" అన్నారు. లెక్చరరు గెలిచిన కోడిపుంజులా లేచాడు. పెద్దాయన మాత్రం బండి ఎక్కుతూ సారును పక్కకు పిలిచాడు.

"మాస్టారూ, మీ ముఖం చూస్తే దొంగలా లేరు. మంగళవారం మా సమావేశం. అసలు సంగతేమిటో ఆ రాజవ్వ చేత కాగితం మీద వేలిముద్ర వేయించి పంపండి. అచ్చు సంగతి నేను చూసుకుంటాను."

ఆ సాయంత్రమే కాగితం రాశాను. "ఈ పదకొండు పాటలు మాకు సారే నేర్పినారు, మా పెద్దల నాటివి కావు" అని ముత్యాల్లాంటి అక్షరాలతో. మర్నాడు పొద్దున బడిలోని సిరా ప్యాడ్ సంచిలో వేసుకుని, సారును దాదాపు లాక్కుంటూ రాజవ్వ ఇంటికి పోయాను. పుస్తకం మీద ఆశ ఆయనకు మాత్రం లేదా? ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని నడిచారు.

మమ్మల్ని చూడగానే రాజవ్వ చాట పక్కన పెట్టి ఎదురొచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"పోయిన్రా గా పట్నపోళ్లు? నా గుండె దడదడ కొట్టుకున్నది సారూ. కాని చీనా పేరు రానిచ్చిన్నా? గప్పుడు నీ ఇంటికి పోలీసోళ్లు వస్తిరి, మాకు యాదిలేదనుకుంటివా? చీనా పాటలని తెలిస్తే మల్ల పట్టుకపోరా నిన్ను? అందుకే వీళ్లందరికి ముందే చెప్పి పెట్టిన. ఇగ నువ్వు ఫికర్ పడకు. ఎవడొచ్చినా గదే చెప్తం. నీ పాటలన్ని మావేనని చెప్తం."

నా చేతిలో సిరా ప్యాడ్ మూత సగం తెరిచే ఉంది. సారు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అన్ని పాటలా అవ్వా?"

"అన్ని. ఒక్కటి గూడ ఇడువం" అని, ఆయన చేతిలోకి చూసింది. "గా కాగితం ఏంది సారూ?"

"పాట" అన్నారు సారు. "కొత్తది."

"సదువు మరి."

సారు గొంతు సవరించుకుని, నేను రాసిన సాక్ష్యం కాగితం కళ్ల ముందు పెట్టుకుని, అందులో లేని పాట చదివారు.

"మంచు పడ్డ బాట మీద లేడి అడుగులున్నయి,
నా గడపదాక వచ్చి ఎన్కకు మళ్లినయి..."

రాజవ్వ తల వంచి విన్నది.

"బాగలేదు సారూ" అన్నది. "లేడి ఎన్కకు ఎందుకు మళ్లిందో చెప్తలేవు. మల్ల రాసుకరా."

బయటికి వచ్చాక నేను సందు మధ్యలో నిలబడి పోట్లాడాను. అందరూ చూస్తారన్న సిగ్గు కూడా లేకపోయింది. పదిహేనేళ్ల పని సారూ, మూడుసార్లు సాఫు రాసిందాన్ని సారూ, ఒక్క వేలిముద్ర, పోలీసులు రారవ్వా అని ఒక్క మాట చెబితే వేసేది కదా అన్నాను. సారు నన్ను పూర్తిగా అరవనిచ్చారు.

"చెప్తే వేస్తది టీచరమ్మా. తన మాటతోని నా పుస్తకం మునిగిందని గూడ తెలుస్తది. గది తెలిసినంక, ఇప్పుడు బాగలేదన్నది చూసిన్రా, గా మాట రేపటి నుంచి నా ముఖం మీద అంటదా? ఏం చదివినా ఊఁ అంటది. పుస్తకం లేకున్నా నాకు నడుస్తది. బాగలేదనే మనిషి లేకుంటే నేనేం రాయాలె?"

ఇప్పుడు సారూ లేరు, రాజవ్వా లేదు. చెబితే నొచ్చుకునేవాళ్లు లేరు గనకే చెబుతున్నాను. ఆ రోజు ఆ మాట విన్నాక, కాగితం ఆయన చేతిలోంచి నేనే లాక్కున్నాను. నాలుగు ముక్కలు చేసి సందు పక్క మోరీలో పడేశాను.